పాత పుట్టగొడుగుల బొమ్మల్ని నమ్ముకుని అడవికి వెళ్లే ముందు

వానలు పడకముందే చెప్పుకోవాల్సిన జాగ్రత్తలివి. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులద్దిన 18, 19 శతాబ్దాల పుట్టగొడుగుల చిత్రాలు ఇప్పుడు స్కాన్ల రూపంలో అందరికీ దొరుకుతున్నాయి. పుట్టగొడుగును ఎలా చూడాలో నేర్పడంలో వాటికి సాటి లేదు. అయితే బొమ్మ కింద "తినదగినది" అని ఉంటే ఆ మాట మాత్రం నమ్మకండి. ఆకారాన్ని చిత్రకారుడు కళ్లారా చూసి గీశాడు. తినొచ్చన్నది అప్పటి జనం నమ్మకం, అంతే.

ఆ నమ్మకాలు ఎన్నోసార్లు తప్పాయి. పాక్సిల్లస్ ఇన్వల్యూటస్ అనే పుట్టగొడుగు‌ను యూరప్‌లో తరతరాలుగా వండుకుని తిన్నారు. 1944లో జూలియస్ షెఫర్ అనే జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త అది తినే చనిపోయాడు. మళ్లీ మళ్లీ తిన్నవాళ్లలో కొందరికి దానిపై ప్రతిరక్షకాలు తయారై, ఒక రోజు ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కాబట్టి "ఇన్నేళ్లుగా తింటున్నాం, ఏమీ కాలేదు" అన్న మాట దీని విషయంలో పనికిరాదు. జైరోమిట్రా ఎస్కులెంటా పేరులోనే "తినదగినది" అనే అర్థం ఉంది, అయినా అది ప్రాణం తీయగలదు. కార్టినేరియస్ ఒరెల్లానస్ కిడ్నీలను పాడుచేస్తుందని 1950ల దాకా ఎవరికీ తెలియదు.

పేర్ల దగ్గర ఇంకో గోతి ఉంది. ఒకప్పుడు గొడుగు అడుగున రేకులున్న పుట్టగొడుగులన్నిటినీ దాదాపు అగారికస్ అనే అనేవారు. అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే డెత్ క్యాప్‌ను కూడా 1821లో అగారికస్ ఫల్లాయిడిస్ అన్నారు. ఇప్పుడు దాని పేరు అమానిటా ఫల్లాయిడిస్. ఈ రోజు అగారికస్ అంటే బటన్ పుట్టగొడుగుల జాతి. పాత పేరు చూసి "ఇది బటన్ చుట్టమే" అనుకుంటే ఎంత ప్రమాదమో చూడండి. బొమ్మ కింది లాటిన్ పేరు రాసుకుని, దాని ఇప్పటి పేరు వెతికాకే మిగతాది చదవండి.

ఇక రంగులు. తెల్లని భాగాలను చాలాచోట్ల రంగు వేయకుండా కాగితం తెలుపుకే వదిలేసేవారు. కాగితం పసుపెక్కితే తెల్ల రేకులు మీగడ రంగులో కనిపిస్తాయి. సీసపు తెలుపు వాడిన చోట గంధక వాయువులు తగిలి నల్లబడుతుంది. లక్క, కార్మైన్ ఎరుపులు వెలుతురుకు వెలిసిపోతాయి. చేతి రంగులు కాబట్టి ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటుంది. స్కానింగు, ఫోన్ తెర కలిసి దాన్ని ఇంకాస్త మారుస్తాయి. అడవిలోనూ అంతే. అమానిటా మస్కేరియా ఎరుపు వానకు నారింజలోకి దిగుతుంది, పైనున్న తెల్ల పొక్కులు కడుక్కుపోతాయి. అప్పుడది తినదగిన అమానిటా సిజేరియాలా కనిపిస్తుంది. తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది: సిజేరియాకు రేకులు, కాడ పసుపు, మస్కేరియాకు తెలుపు.

అందుకే రంగుకంటే ముందు నిర్మాణం చూడండి. కాడ మొదలు బొమ్మలో ఉందా, నిలువుకోత ఉందా, మొగ్గ దశ గీశారా, కొలత ఇచ్చారా? ఇవి లేని బొమ్మ గోడకు తగిలించడానికే పనికొస్తుంది.

కోసేటప్పుడు కాడను పైపైన తెంపకండి. డెత్ క్యాప్‌ను పట్టించేది కాడ మొదలును చుట్టి ఉండే సంచిలాంటి పొర, అది మట్టిలోనే ఉండిపోతుంది. కత్తితో చుట్టూ తవ్వి, మొదలుతో సహా పైకి తీయండి. గుడ్డులా ఉన్న లేతదాన్ని పైనుంచి కిందికి చీల్చండి. లోపల గొడుగు, కాడ, రేకుల గీతలు కనిపిస్తే అది అమానిటా మొగ్గ కావచ్చు, ముట్టవద్దు. ప్రతి రకాన్నీ వేరే కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమర్చి కుళ్లిపోతాయి.

తర్వాత స్పోర్ ప్రింట్, అంటే రేకుల నుంచి రాలే బీజాల పొడి అచ్చు. కాడ తీసేసి, గొడుగును సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద రేకులు కిందికి ఉండేలా పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. డెత్ క్యాప్‌కు తెల్ల పొడి రాలుతుంది, బటన్ జాతికి చాక్లెట్ రంగుది. డెత్ క్యాప్‌లాగే కాడ మొదలు దగ్గర సంచి ఉండే వరిగడ్డి పుట్టగొడుగుకు గులాబీ రంగుది. ఈ పరీక్షతో అనుమానం ఉన్నవాటిని తీసేయొచ్చు, అంతేగాని తినడానికి అనుమతి దొరికినట్టు కాదు. ఆ రకాన్ని ఏళ్లుగా చూస్తున్న మనిషి చేతిలో పట్టుకుని చూడనిదే వండవద్దు.

వెండి చెంచా నల్లబడటం, పురుగులు తినడం, పైపొర ఊడిరావడం, వీటిలో ఒక్కటీ విషాన్ని పట్టివ్వదు. డెత్ క్యాప్‌లోని విషాలైన అమాటాక్సిన్లు ఉడికించినా, ఎండబెట్టినా పోవు.

పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డెత్ క్యాప్ తిన్న 6 నుంచి 12 గంటల్లో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. కాలేయం దెబ్బతింటున్నది సరిగ్గా అప్పుడే. ఆ తెరిపి చూసి ఇంటికి వచ్చేయకండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఎందరు తిన్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇందుకే వండే ముందు ప్రతి రకంలో ఒకటి, మొదలుతో సహా పచ్చిగా, ఫ్రిజ్‌లో పక్కన పెట్టాలి. డాక్టరుకు చూపించాల్సింది దాన్నే, పాత బొమ్మను కాదు.