క్యాప్సూల్ ఎండోస్కోపీ – 5వ పాఠం: తెల్లబడిన చూషకాలు

గత పాఠం చివర ఇచ్చిన చిత్రాలకు మీరు పంపిన సమాధానాలలో అధికభాగం ఒకే చోట తడబడ్డాయి. చూషకాల (చిన్నపేగు లోపలి పొరపై వేళ్ళలా ఉండే సన్నని మొలకల) కొసలు తెల్లగా కనిపించగానే ‘విపుల్ వ్యాధి’ (బాక్టీరియా వల్ల వచ్చే ఒక అరుదైన జబ్బు) అని రాసేశారు. అందువల్ల పరాన్నజీవుల పాఠాన్ని వాయిదా వేసి, ఆ తెలుపునే మళ్ళీ పరిశీలిద్దాం. చిన్న కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగించడం, అది పంపే చిత్రాలను దాచే రికార్డరు అమర్చడం మీకు తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను.

చూషకం తెల్లబడడానికి సాధారణ కారణం దానిలోని శోషరస నాళిక (పేగు పీల్చిన కొవ్వును మోసే సన్నని గొట్టం) కొవ్వుతో నిండి ఉబ్బడం. అది ఎందుకు ఉబ్బిందో రంగును బట్టి తెలియదు. విపుల్ వ్యాధి కలిగించే బాక్టీరియా ట్రోఫెరిమా విపులియై సోకినప్పుడు, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు పేగు పొరలో కిక్కిరిసి శోషరసానికి అడ్డుపడినా ఉబ్బుతుంది. పుట్టుకతో వచ్చిన శోషరస నాళ లోపంలోనూ, లింఫోమా అనే శోషరస వ్యవస్థ క్యాన్సర్‌లోనూ, క్షయ సోకిన గ్రంథులు ప్రవాహాన్ని అడ్డగించినప్పుడూ ఉబ్బుతుంది. ఎయిడ్స్ రోగిలో క్షయ క్రిమి జాతికే చెందిన మైకోబాక్టీరియం ఏవియమ్ సోకితే చిత్రం విపుల్ వ్యాధిని ఎంతగా పోలి ఉంటుందంటే, బయాప్సీలో (తీసిన కణజాల ముక్క పరీక్షలో) ఆ మాక్రోఫేజ్‌లు కూడా పీఏఎస్ అనే పరీక్షా రంగును పట్టుకుంటాయి. యాసిడ్ ఫాస్ట్ రంజనం (రంగు వేసి ఆమ్లంతో కడిగే పరీక్ష) చేస్తేనే తేడా బయటపడుతుంది, ఎందుకంటే ఏవియమ్ ఆ రంగును నిలుపుకుంటుంది, విపుల్ బాక్టీరియా నిలుపుకోదు. ఇక చెదురుమదురు తెల్లని చుక్కలు ఆరోగ్యవంతుల పేగులోనూ కనిపిస్తాయి. కాబట్టి నివేదికలో ‘తెల్లబడి ఉబ్బిన చూషకాలు’ అని మాత్రమే రాయండి. రోగి కీళ్ళనొప్పులు, బరువు తగ్గడం, విరేచనాలు విపుల్ అనుమానాన్ని పెంచుతాయి, కానీ నిర్ధారణకు బయాప్సీ, పీసీఆర్ (బాక్టీరియా డీఎన్‌ఏను గుర్తించే పరీక్ష) కావాలి.

క్యాప్సూల్ కణజాలాన్ని తీయలేదు. ఎక్కడ తీయాలో చూపుతుంది. పైలోరస్ (జీర్ణాశయం చివరి ద్వారం) దాటిన సమయం నుంచి సీకమ్ (పెద్దపేగు మొదలు) చేరేవరకు పట్టిన కాలంలో మచ్చ మొదటి సగంలో ఉంటే నేను నోటి మార్గపు ఎంటెరోస్కోపీనే (కెమెరా గొట్టంతో చిన్నపేగును చూసి ముక్క తీసే పద్ధతినే) కోరుతాను. విపుల్ వ్యాధి మచ్చలు మచ్చలుగా ఉండవచ్చు కనుక ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వను. జెజునమ్ (చిన్నపేగు మధ్యభాగం) మొదటి భాగాన్ని సెకనుకు పది చిత్రాలకు మించిన వేగంతో ఎన్నడూ చూడను, క్యాప్సూల్ అక్కడ చాలా త్వరగా సాగిపోతుంది. క్షయ అనుమానంతోపాటు మెలిపెట్టే కడుపునొప్పి ఉంటే, పేగు ఇరుకైందేమోనని ముందు కరిగిపోయే పరీక్షా క్యాప్సూల్ ఇవ్వాలి. 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న అసలు క్యాప్సూల్ ఇరుకులో చిక్కుకుపోవచ్చు.

అభ్యాసం: ఒక పూర్తి వీడియో చూసి, వ్యాధి పేరు ఒక్కటీ రాయకుండా ప్రతి తెల్లని ప్రాంతానికీ సమయం, విస్తీర్ణం, చుట్టూ ఉన్న పొర స్థితి నమోదు చేయండి. ఒక్కొక్కదానికి మూడు కారణాలు, వాటిని వేరుచేసే పరీక్షలు రాయండి. వారం తర్వాత ఆ కాగితం చూడకుండా అదే వీడియోను మళ్ళీ చదివి, రెండు నమోదులనూ పక్కపక్కనే పంపండి.