మ్యాడ్ కౌ వ్యాధి: గొడ్డు మాంసం కొనేటప్పుడు, వండేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఏ మాంసమైనా మెత్తగా ఉడికిస్తే ఇక భయం లేదని మన వంటిళ్లలో గట్టి నమ్మకం. పశువుల మెదడును దెబ్బతీసి, వాటి మాంసం తిన్న మనుషులకూ సోకగల మ్యాడ్ కౌ వ్యాధి విషయంలో అన్నిటికంటే ముందు వదులుకోవలసింది ఆ నమ్మకాన్నే. ఈ వ్యాధిని కలిగించేది బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే, ఆకారం చెడిన ఒక ప్రొటీన్. ప్రియాన్లు అంటిన శస్త్రచికిత్స పరికరాలను 134 డిగ్రీల ఆవిరిలో 18 నిమిషాలు ఉంచినా అవి పూర్తిగా నశిస్తాయన్న భరోసా లేదు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలు. ఎన్ని కూతలు వచ్చినా ఫలితం ఉండదు. కాబట్టి జాగ్రత్త అంతా మాంసం వంటింట్లోకి రాకముందే పడాలి.

ఏం జాగ్రత్త పడాలో తెలియాలంటే బ్రిటన్‌లో జరిగింది తెలియాలి. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు ఎండబెట్టి పిండి చేసి, గడ్డి తిని బతికే ఆవులకే దాణాగా పెట్టారు. 1986లో వ్యాధిని గుర్తించారు. 1988లో ఆ దాణాను నిషేధించారు, 1989లో మెదడు, వెన్నుపాము వంటివి మనుషుల ఆహారంలో కలపకూడదన్నారు. అప్పటికే ఎంతో మాంసం జనం కడుపుల్లోకి వెళ్లిపోయింది. 1990లో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురికి బర్గర్ అందించి, భయం లేదని చాటారు. మనుషులకు వచ్చిన కొత్త మెదడు జబ్బుకు ఈ మాంసంతో సంబంధం ఉండవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 1996 మార్చి 20న. ఆ జబ్బుతో బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది యువతీయువకులు. ఆ బర్గర్ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండిపోతుంది.

కొనేటప్పుడు మొదట చూడవలసింది అది పశువులో ఏ భాగమన్నది. ప్రియాన్లు ఎక్కువగా చేరేది మెదడు, వెన్నుపాము, కళ్లు, చిన్నపేగు చివరి భాగంలో. మామూలు కండలో ఆ ముప్పు చాలా తక్కువ. బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ ఏడాది దాటిన పశువు మెదడు, కళ్లు, వెన్నుపాము కబేళాలోనే వేరు చేసి నాశనం చేయాలి. అక్కడ ఉండే మనవాళ్లకు ఒక మాట: భేజా వేపుడు మీద మనసు పుట్టి, ఎవరో తెలిసినవాళ్లు చాటుగా కోసి అమ్మే పశువు తలకాయ కొనకండి. మేక, గొర్రె తలకాయ కూర సంగతి వేరు. గొర్రెలకు స్క్రేపీ అనే ఇలాంటి జబ్బు రెండు వందల ఏళ్లకు పైగా ఉన్నా, అది మనుషులకు సోకినట్లు రుజువు లేదు.

తర్వాత ప్యాకెట్ మీది చీటీ (లేబుల్) చదవండి. బ్రిటన్‌లో అమ్మే బీఫ్ ప్యాకెట్ మీద పశువు ఎక్కడ పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఎక్కడ కోశారు అన్నవి ఉండాలి. మూడూ ఒకే దేశమైతే ఆ దేశం పేరొక్కటే కనిపిస్తుంది. కబేళా సంఖ్య కూడా ఉంటుంది. 1996 జులై నుంచి అక్కడ పుట్టిన ప్రతి పశువుకూ పాస్‌పోర్టు, అంటే అది ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడికి మారిందో రాసిన పత్రం, ఉంది. 2021లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో వ్యాధి సోకిన ఆవు బయటపడినప్పుడు దాని మాంసం బజారుకు వెళ్లలేదని అధికారులు చెప్పారు. చీటీ లేని మాంసం ఎంత చవకైనా వద్దు.

కొనేది కీమా అయితే ముక్కను ఎంచుకుని, కళ్లముందే కొట్టించుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ఒకప్పుడు వెన్నెముకల నుంచి యంత్రాలతో గీకి తీసిన మాంసాన్ని బర్గర్లలో, సాసేజ్‌లలో కలిపేవారు. వెన్నుపాము ముక్కలు తిండిలో చేరిన దారుల్లో అదొకటి. ఇప్పుడు ఐరోపాలో పశువుల ఎముకల నుంచి అలా తీయడం నిషిద్ధం.

పాలు, పెరుగు, నెయ్యి మానుకోనక్కర్లేదు. పాల ద్వారా ఈ వ్యాధి మనుషులకు సోకుతుందనడానికి ఆధారం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో దున్న మాంసం కొనేవారు ఈ వ్యాధి గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ముప్పు అతి స్వల్పంగా ఉన్న దేశాల జాబితాలో పెట్టింది. ఇక్కడ చూసుకోవలసినవి శుభ్రత, పశువైద్యుడి తనిఖీ. భయపడవలసింది బద్దెపురుగు, బ్రూసెల్లా, ఈ-కోలై వంటి క్రిములకు. వీటికి మాత్రం ఉడికించడమే మందు. కీమా ముద్దల నడిమధ్య భాగం 70 డిగ్రీల వేడిలో కనీసం రెండు నిమిషాలు ఉండాలి; లోపల ఎర్రగా కనిపిస్తే మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

చివరగా, 1980 నుంచి 1996 వరకు బ్రిటన్‌లో కొంతకాలమైనా ఉన్నవారికి. ఈ జబ్బు రక్తమార్పిడి ద్వారా సోకిన సందర్భాలు బ్రిటన్‌లో ఉన్నాయి. అందుకే చాలా దేశాలు అప్పట్లో అక్కడ నివసించినవారి రక్తం తీసుకోవడం మానేశాయి. అమెరికా, ఆస్ట్రేలియా 2022లో ఆ నిబంధన ఎత్తేశాయి. మీరున్న దేశంలో రక్తం ఇవ్వడానికి వెళ్తే, ఏ సంవత్సరాల్లో ఎన్నాళ్లు అక్కడ ఉన్నారో దాచకుండా చెప్పండి.