తుప్పు పట్టి కదలని బోల్టులు: పాత కారు రిపేరులో సమస్య, కారణం, పరిష్కారం

పాత కారు కింద బోల్టు కదలకపోతే స్పానర్‌కు పైపు తొడిగి ఉన్న బలమంతా పెట్టాలనిపిస్తుంది. బోల్టులు ఎక్కువగా విరిగేది అప్పుడే. విరిగిన ముక్కను తవ్వి తీయడం అసలు రిపేరుకన్నా పెద్ద పని. అందుకే బోల్టును ఏది పట్టుకుని ఉందో తెలుసుకోకుండా బలం పెట్టకండి. తుప్పుకు ఒక మందు, జిగురుకు ఇంకో మందు, కొన్నిటికి రంపం తప్ప మందే లేదు.

కారు జాకీ మీద మాత్రమే ఉంటే కిందికి దూరొద్దు, స్టాండ్ల మీద దించండి. బోల్టు ఒక్కసారిగా వదిలినప్పుడు కారు మొత్తం ఊగుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి, తుప్పు పొరలు సూటిగా కళ్ళలోకే రాలతాయి.

ఎంత తిప్పినా కదలడం లేదు, చుట్టూ ఎర్రగా తుప్పు ఉంది

ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు థ్రెడ్లకూ (మెలికల గాట్లకూ) బోల్టు థ్రెడ్లకూ మధ్య ఉండే సన్నని సందును ఆ తుప్పు నింపేసి, రెంటినీ బిగబట్టేస్తుంది.

ముందు ఏ వైపు తిప్పాలో సరిచూసుకోండి. కొన్ని పాత కార్లలో ఎడమ వైపు చక్రాల నట్లు ఎదురు థ్రెడ్‌తో వచ్చాయి. అవి సవ్యదిశలో తిప్పితేనే వదులవుతాయి.

తర్వాత బయటికి కనిపించే థ్రెడ్లను వైరు బ్రష్‌తో బాగా రుద్దండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. కానీ ఆ మట్టీ తుప్పూ ఉండగా నట్టు తిరిగితే అవే థ్రెడ్లలో ఇరుక్కుని మళ్ళీ పట్టేస్తుంది. శుభ్రం చేశాక పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే తేమను తరమడానికి తయారైంది, తుప్పు సందుల్లోకి ఇంకడానికే చేసిన ఆయిల్ దీనికి మెరుగు. ఏదైనా సరే, దానికి సమయం ఇవ్వాలి. సాయంత్రం కొట్టి, పడుకునే ముందు ఇంకోసారి కొట్టి, పొద్దున్న పని మొదలుపెట్టడం ఉత్తమం. మధ్యలో బోల్టు తల మీద సుత్తితో నిటారుగా కొన్ని దెబ్బలు వేస్తే తుప్పు పగిలి ఆయిల్ లోపలికి దిగుతుంది.

సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలల సాకెట్ తల అంచులను మాత్రమే పట్టుకుంటుంది, తుప్పుతో సన్నబడ్డ తల అక్కడ సులువుగా అరిగిపోతుంది. టార్క్‌ను, అంటే బిగింపు బలాన్ని, కొలిచే టార్క్ రెంచ్‌తో ఊడదీయొద్దు, దాని కొలత పాడవుతుంది.

ఇప్పుడు ముందుగా వదులు చేయకండి, కాస్త బిగించే వైపు నెట్టండి. వెంట్రుకవాసి కదిలినా తుప్పు పట్టు విడిపోయినట్టే. తర్వాత పావు చుట్టు వదలడం, కొంచెం వెనక్కి బిగించడం, ఆయిల్ కొట్టడం, మళ్ళీ వదలడం. తిప్పుతుంటే బరువు పెరిగిందంటే వెనక్కి రండి.

చేతికి తెలిసే సంగతి ఒకటుంది, దీన్ని నమ్మండి. పట్టు వదిలిన బోల్టు టక్కుమని గానీ కిర్రుమని గానీ కదిలి, కదిలిన చోటే నిలుస్తుంది. విరగబోయే బోల్టు శబ్దం లేకుండా రబ్బరులా సాగినట్టు తిరిగి, చెయ్యి వదిలితే కాస్త వెనక్కి వస్తుంది. అంటే థ్రెడ్ కదలడం లేదు, బోల్టు కాడే మెలిపడుతోంది. అక్కడ ఆపేయండి. 8 మిల్లీమీటర్ల లోపు బోల్టుల్లో ఈ హెచ్చరిక క్షణకాలమే ఉంటుంది.

రాత్రంతా ఆయిల్‌లో ఉన్నా లొంగలేదు

ఇక వేడి. వేడెక్కిన నట్టు వ్యాకోచిస్తుంది, దాని రంధ్రం కూడా పెద్దదవుతుంది. కాబట్టి మంట నట్టుకు తగలాలి, బోల్టుకు వీలైనంత తక్కువ తగలాలి. బాగా వేడెక్కాక తిప్పండి. రాకపోతే చల్లారనిచ్చి మళ్ళీ వేడి చేయండి. ఆ వ్యాకోచ సంకోచాలే తుప్పును పగలగొడతాయి.

పెట్రోలు పైపులు, బ్రేకు హోసులు, రబ్బరు బుష్‌లు (కదిలే భాగాల మధ్య అదురు తగ్గించే తొడుగులు), గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగుల దగ్గర మంట పెట్టొద్దు. ముందు కొట్టిన ఆయిల్‌ను తుడిచేయండి, అది అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, తేలిగ్గా తీసుకోకండి.

తుప్పు కనిపించదు, అయినా కదలదు

బోల్టు దానంతటది వదులవకుండా థ్రెడ్ లాకర్ అనే జిగురు వేసి ఉండొచ్చు. ఎర్ర రకమైతే ఆయిల్ ఏమీ చేయదు, సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడికి మెత్తబడుతుంది.

బోల్టు అల్యూమినియం భాగంలో ఉంటే, థర్మోస్టాట్ హౌసింగ్ లాంటివి, కారణం వేరు. ఉక్కు, అల్యూమినియం కలిసిన చోట తేమ చేరితే అల్యూమినియం తినేయబడి తెల్లని పొడి పేరుకుంటుంది. ఇక్కడ కూడా వేడే మంచి మందు. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న హౌసింగ్‌ను వేడి చేస్తే పట్టు సడలుతుంది. అయితే అల్యూమినియం ఎర్రబడకుండానే కరుగుతుంది, మంటను ఒకే చోట నిలపొద్దు.

తల గుండ్రంగా అరిగిపోయింది

13 మిల్లీమీటర్ల తల అరిగితే అర అంగుళం సాకెట్‌ను సుత్తితో దిగగొట్టండి. అది 12.7 మిల్లీమీటర్లు, బిగుతుగా కూర్చుంటుంది. లోపల ఎదురు మెలికలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ ఇంకా మంచిది. చోటుంటే ఆకురాయితో రెండు పక్కలు చదును చేసి వైస్ గ్రిప్ (బిగించి లాక్ చేసే పట్టకారు) వేయండి. నట్టయితే ఇంత కష్టం అక్కర్లేదు, నట్ స్ప్లిట్టర్‌తో చీల్చేసి కొత్తది వేయండి.

తిరుగుతోంది, కానీ బయటికి రావడం లేదు

ఫ్రేములో వెల్డ్ చేసిన నట్టు ఊడిపోయి బోల్టుతోపాటే తిరుగుతుండొచ్చు. నట్టును పట్టుకునే దారి దొరకాలి, లేకపోతే అక్కడ రేకు కోసి కిటికీ తెరవాలి.

సస్పెన్షన్ బోల్టులో ఇంకోలా ఉంటుంది. నట్టు ఊడి వస్తుంది, బోల్టు మాత్రం బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయి, తిప్పినప్పుడల్లా రబ్బరు మెలిపడుతుంది. దీనికి గంటలు వెచ్చించడం వృథా. బుష్‌కు రెండు వైపులా బోల్టును రంపంతో కోసేసి, బుష్, బోల్టు కొత్తవి వేయండి.

బ్రేక్ బ్లీడర్ స్క్రూ

బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి వదిలే ఈ స్క్రూ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి సులువుగా నలిగి విరుగుతుంది. రంధ్రంలో సరిపడే డ్రిల్లు బిట్టు కాడను దూర్చి తిప్పితే నలగదు. బ్రేకు పైపు నట్లకు నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి.

విరిగిపోయింది

ముక్క కాస్త పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి మధ్యలో వెల్డ్ నింపించడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. పట్టూ దొరుకుతుంది, వెల్డింగ్ వేడీ పనిచేస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీసేయండి.

లోపలే విరిగితే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టుతో చిన్న రంధ్రం మొదలుపెట్టండి. చాలాసార్లు ఆ ఒరిపిడికే ముక్క బయటికి వస్తుంది. కోసుగా ఉండే ఎక్స్‌ట్రాక్టర్‌ను మాత్రం బలంగా తిప్పొద్దు. అది గట్టిపరిచిన ఉక్కు, లోపల విరిగితే మామూలు బిట్టు దానిలో దిగదు. థ్రెడ్ పాడైతే హెలికాయిల్ అనే తీగచుట్టతో తిరిగి వేయించవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు

తుప్పు తిన్న బోల్టును మళ్ళీ వాడకండి. తల మీద 8.8 లేదా 10.9 అని ఉన్న అంకె చూసి అదే బలం ఉన్నది తెచ్చుకోండి. థ్రెడ్లు మళ్ళీ పట్టేయకుండా యాంటీ సీజ్ అనే పేస్టు పలుచగా రాయండి. అది ఒరిపిడి తగ్గిస్తుంది కాబట్టి పొడి బోల్టుకు చెప్పిన టార్క్ పెడితే బోల్టు అతిగా సాగుతుంది. బిగింపు ఆ మేరకు తగ్గించాలి. చక్రాల నట్లకు తయారీదారు చెప్తే తప్ప రాయకండి, వాటిని శుభ్రమైన పొడి థ్రెడ్ల మీదే టార్క్ రెంచ్‌తో బిగించండి.