ఫోటో పోటీకి ఎడిటింగ్ నిబంధనలు రాసుకోవడం ఎలా?

ఫోటో పోటీ పెట్టే ప్రతి క్లబ్బూ ఎంట్రీలు ఆహ్వానించకముందే ఎడిటింగ్‌ను ఎంతవరకు ఒప్పుకోవాలో తేల్చుకోవాలి. పూర్తిగా నిషేధిస్తే కళాకారుడి చేతులు కట్టేసినట్లవుతుంది. పూర్తిగా వదిలేస్తే చెరువు గట్టున గంటల తరబడి కాచుకుని పక్షిని తీసిన మనిషికి అన్యాయం జరుగుతుంది. ‘ఇది జరిగింది’ అని చెప్పే ఫోటోకు నిబంధన కఠినంగా ఉండాలని, ‘ఇది నా ఊహ’ అని చెప్పే ఫోటో జోలికి నిబంధన వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

అందుకే మొదట విభాగాలను వేరు చేయండి. వార్తా చిత్రాలు, ప్రకృతి ఒకవైపు, సృజనాత్మక విభాగం మరోవైపు ఉండాలి. తరువాత మొదటి రెండింటికి ఏ పని చేయవచ్చో, ఏది కూడదో పేరు పెట్టి రాయండి. ‘అతిగా ఎడిట్ చేయరాదు’ అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు, ఎందుకంటే ఏది అతి అన్నది ఒక్కో న్యాయనిర్ణేతకు ఒక్కోలా కనిపిస్తుంది. 2010లో వార్తా చిత్రాల అంతర్జాతీయ పోటీ అయిన వరల్డ్ ప్రెస్ ఫోటోలో ఫోటోగ్రాఫర్ స్టెపాన్ రూదిక్ బహుమతి రద్దయిన తీరు చూడండి. ఆయన రంగుల ఫోటోను బాగా క్రాప్ చేసి, నలుపు తెలుపుల్లోకి మార్చారు. అనర్హతకు కారణం అది కాదు. కట్టు కడుతున్న చేతి వెనుక కనిపిస్తున్న పాదం కొసను చెరిపేయడం. చూడటానికి చిన్న మార్పే అయినా, కెమెరా ముందు ఉన్నదాన్ని లేకుండా చేసింది. కాబట్టి క్రాప్, వెలుగు, కాంట్రాస్ట్, కెమెరా సెన్సర్ మీది దుమ్ము వల్ల ఫోటోలో పడే మచ్చల తొలగింపు అనుమతించి, వస్తువులను చేర్చడం, తీసేయడం, జరపడం నిషేధించండి.

ప్రకృతి విభాగంలో ఎడిటింగ్ నిబంధన ఒక్కటే చాలదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి పోటీలో 2017లో గెలిచిన యాంట్‌ఈటర్ (చీమలు, చెదలు తినే జంతువు) ఫోటోను 2018లో అనర్హంగా ప్రకటించారు. అందులోని జంతువు గడ్డి కూరిన బొమ్మే అయివుండాలని నిపుణులు తేల్చగా, ఫోటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. పెంపుడు, బంధించిన, చనిపోయిన జీవుల సంగతి కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

నిబంధన రాసినంత మాత్రాన సరిపోదు, పరిశీలన కావాలి. చివరి వడపోతకు వచ్చిన ఫోటోలకు మాత్రమే రా ఫైల్, అంటే కెమెరా నమోదు చేసిన, మార్పులు చేయని మూల ఫైల్ అడగండి. ఫోన్‌తో తీసినవారి నుంచి ఎడిట్ చేయని అసలు ఫైల్ తీసుకోండి. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటోలో చివరికి ముందు రౌండు దాకా వచ్చిన ఎంట్రీలలో దాదాపు 20 శాతం ఈ దశలోనే తొలగిపోయాయి. తేడా కనిపిస్తే ఫలితాలు ప్రకటించకముందే ఫోటోగ్రాఫర్ వివరణ వినండి. బహుమతి ఇచ్చి వెనక్కి తీసుకోవడం క్లబ్బుకూ, ఫోటోగ్రాఫర్‌కూ బాధే.

సృజనాత్మక విభాగంలో పొరలు కలపనివ్వండి, ఆకాశం మార్చనివ్వండి, మనిషికి రెక్కలు పెట్టనివ్వండి. అయితే వాడిన ప్రతి ఫోటో పోటీదారు తీసినదై ఉండాలి. ఏఐతో సృష్టించిన చిత్రాలను మాత్రం ఇందులో కలపకండి. 2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల సృజనాత్మక విభాగంలో బోరిస్ ఎల్డాగ్‌సెన్ ఏఐ చిత్రం గెలిచింది, ఆయనే బహుమతి వద్దన్నారు. ఏఐకి వేరే విభాగం పెట్టండి, లేదా స్వీకరించబోమని స్పష్టంగా ప్రకటించండి. ఎంట్రీ ఫారంలో ‘ఈ చిత్రంలో నేను చేర్చినవి, తొలగించినవి’ అనే గడి పెట్టి, అది నింపితేనే ఎంట్రీ స్వీకరించండి.