గండికోటలో టెంట్ వేసే ముందు

డిసెంబర్ సెలవులకి గండికోట వెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

- టెంట్ లోయ అంచుకి కనీసం 50 అడుగులు ఇవతల వేయండి, గుమ్మం కోట వైపు ఉండాలి. అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. అర్ధరాత్రి నిద్రకళ్లతో ఒంటేలుకి లేచినవాడికి రాయి ఎక్కడ అయిపోయిందో, పెన్నా ఎక్కడ మొదలైందో తెలియదు.

- నేలంతా బండ, మేకులు దిగవు. తాళ్లు పెద్ద రాళ్లకి కట్టండి. పోయినసారి మా టెంట్ గాలికి లేచి ముళ్లకంపలో పడింది. లోపల ఎవరూ లేరు కాబట్టి నవ్వుకున్నాం.

- మనిషికి 5 లీటర్ల నీళ్లు జమ్మలమడుగులోనే తీసుకోండి. నది కళ్లెదుటే ఉంటుంది, చేతికందదు.

- పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి. తేళ్లు.

- టార్చ్ విడిగా పెట్టుకోండి. ఫోన్ లైట్‌నే నమ్ముకుంటే తెల్లారేసరికి ఛార్జింగ్ అయిపోతుంది, సూర్యోదయం ఫొటో గోవిందా.