చిన్న వసారాకు క్రిస్మస్ అలంకరణ: తీగలు కట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డిసెంబరు నెల వచ్చేసరికి గుంటూరు, బాపట్ల, కృష్ణా, గోదావరి జిల్లాల్లోని క్రైస్తవ కుటుంబాలు ఇంటి ముందు స్టార్ కట్టే పనిలో పడతాయి. విశాలమైన ఆవరణ ఉన్న ఇళ్ల సంగతి వేరు. చిన్న ఇళ్లలో మాత్రం స్టార్, సీరియల్ లైట్లు, యేసు పుట్టుకను చూపే బొమ్మల పశువుల పాక, క్రిస్మస్ చెట్టు అన్నీ గడప ముందున్న ఆరడుగుల వసారాలోనే ఇమడాలి. మోటారు సైకిలు నిలిపేదీ, చెప్పులు విడిచేదీ, దండెం మీద బట్టలు ఆరేసేదీ, కొన్ని ఇళ్లలో గ్యాస్ సిలిండరు ఉంచేదీ కూడా అక్కడే. అన్నిటికీ మించి, ఇంట్లోంచి బయటపడడానికి చాలా ఇళ్లలో అదొక్కటే దారి. పైగా ఈ నెలలో ఆ దారి తడిగా ఉంటుంది. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, ఏది అసలు పెట్టకూడదో ఈ రెండు సంగతులను బట్టే నిర్ణయించుకోవాలి.

వర్షాకాలం అయిపోయింది కదా అని తడిని తేలికగా తీసుకునేవారు చాలామంది ఉన్నారు. కోస్తాలో డిసెంబరు తుపానుల నెల కూడా. 2018లో పెథాయ్ తుపాను డిసెంబరు 17న యానాం సమీపంలో తీరం దాటింది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల సమీపంలో దాటింది. రెండూ ఇళ్ల ముందు స్టార్లు వెలిగే రోజుల్లో వచ్చినవే. తుపాను రాని ఏడాదిలోనూ తెల్లవారుజామున కురిసే మంచుకు వసారా గ్రిల్లు ఊచలు నీరు కారేలా తడుస్తాయి, గచ్చు చెమ్మగిల్లుతుంది. తడిసిన ఇనుప గ్రిల్లు, చెప్పులు లేని కాళ్లు, తెగిన తీగ ఒకచోట చేరితే ప్రాణం పోవడానికి క్షణం చాలు. వాయుగుండం హెచ్చరిక వినపడిన వెంటనే లైట్ల ప్లగ్గు తీసివేసి, స్టార్‌ను దింపి లోపల పెట్టాలి. గాలి మొదలైన తర్వాత నిచ్చెన ఎక్కి దింపుదామనుకోవడం సరికాదు.

సీరియల్ సెట్టు ఎంపిక దగ్గరే సగం జాగ్రత్త ఉంది. ‘ఎల్‌ఈడీ కదా, షాక్ కొట్టదు’ అనే నమ్మకం బలంగా ఉంది గాని అది నిజం కాదు. బజారులో చవకగా దొరికే సెట్లలో చాలావాటికి ప్లగ్గు పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది; అది దీపాలు మినుకుమినుకుమనేలా చేస్తుందే తప్ప వోల్టేజీని ప్రమాదం లేని స్థాయికి దించదు. జుట్టుపోగంత సన్నని ఆ తీగల్లో ఇంటి కరెంటు, అంటే 230 వోల్టులు, నేరుగా ఉన్నట్టే భావించాలి. వసారా వంటి తడి చోటుకు 5 లేదా 12 వోల్టుల అడాప్టరుతో నడిచే సెట్టునో, బ్యాటరీతో వెలిగేదాన్నో తీసుకోవడం మంచిది. ధర కొంత ఎక్కువైనా, పిల్లల చేతికందే ఎత్తులో లైట్లు కట్టే ఇంటికి ఇంకొక సెట్టు గురించి ఆలోచించనక్కరలేదని నా అభిప్రాయం. అడాప్టరును మాత్రం వాన తగలని చోట, గది లోపల ఉంచాలి.

పాత సెట్లను అటక మీద నుంచి దించినప్పుడు, వెలుగుతున్నాయా లేదా అని చూసి ఊరుకోకుండా, తీగను పగటి వెలుగులో మూర మూర చొప్పున చూడాలి. చిన్న బల్బుల సెట్టులో బల్బులన్నీ ఒకదాని వెంట ఒకటిగా కలిసి 230 వోల్టులను పంచుకుంటాయి. ఒకటి మాడితే ఆ వరుసంతా ఆరిపోతుంది. అప్పుడు మాడిన బల్బును కత్తిరించి, రెండు కొసలనూ మెలిపెట్టి టేపు చుట్టడం మన ఇళ్లలో మామూలు. అలా ఒక్కొక్కటి తీసేసిన కొద్దీ మిగిలిన బల్బుల మీద పడే వోల్టేజీ పెరిగి, అవి మరింత వేడెక్కుతాయి. టేపు జిగురు ఏడాదిలో ఆరిపోయి ముడి బయటపడుతుంది. ఇలాంటి అతుకులున్న సెట్టును, ఎలుకలు కొరికిన సెట్టును వసారాలో కట్టకూడదు.

కట్టే విధానం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదాలకు ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. గ్రిల్లుకు లైట్లను బైండింగ్ వైరుతో బిగించడం, తలుపు మీద మేకు కొట్టి తీగను దానికి చుట్టడం, కిటికీ రెక్కల మధ్య నుంచి వైరును లోపలికి లాగి రెక్కలు మూసేయడం, ఈ మూడూ తీగపై ఉన్న ప్లాస్టిక్ పొరను కోసేస్తాయి. పొర తెగి రాగి ఇనుముకు తగిలితే గ్రిల్లు మొత్తానికి కరెంటు పాకుతుంది. దీపాలు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంటాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. పురికొసతోనో, ప్లాస్టిక్ టైలతోనో వదులుగా కట్టాలి. వీలైతే గ్రిల్లును వదిలి గోడ అంచున, చెక్క బద్ద మీద కట్టుకోవాలి. బట్టలు ఆరేసే ఇనుప తీగ దండెం మీద లైట్లు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. తడి బట్ట పట్టుకుని దండెం తాకి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు తెలుగు పత్రికల్లో తరచూ చూస్తూనే ఉంటాం. పండుగ నెలంతా దండేన్ని మేడ మీదకు మార్చుకోవడమే మేలు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు తోరణాలు గాని, స్టార్ తాడు గాని తగిలించకూడదు.

ప్లగ్గు గది లోపలే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సును వసారా గచ్చు మీద పడేస్తే మంచు తడి, ఇల్లు కడిగిన నీళ్లు రెండూ దానిలోకి చేరతాయి. రెండు తీగల కొసలను నేరుగా సాకెట్టు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు ఇంకా ఉంది. దాన్ని వెంటనే మానుకోవాలి. విద్యుత్ స్కూటరు వసారాలోనే చార్జింగుకు పెట్టేవారు దానికి వేరే సాకెట్టు వాడాలి గాని లైట్ల బాక్సుకు కలపకూడదు. మెయిన్ బోర్డులో ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు, ఉంది కాబట్టి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. ఎంసీబీ ఉన్నది వైర్లను కాపాడడానికి. అది 16 ఆంపియర్లకు పైబడితే పడిపోయే రకమైతే, అందులో వందో వంతుకన్నా తక్కువ కరెంటు ఒంట్లోంచి పోయినా గుండె లయ తప్పవచ్చు. అంత స్వల్పమైన కరెంటును ఎంసీబీ గమనించదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే మరో రకం స్విచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి నేలలోకి పోతే అది సరఫరాను రెప్పపాటులో ఆపేస్తుంది. లేని ఇళ్లవారు ఈ పండుగ ఖర్చులో మొదటి పద్దుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని పెట్టించుకోవాలని, ఎర్తింగ్ కూడా చూపించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఉన్నవారు దాని మీది టెస్ట్ బటన్ నొక్కి పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి.

స్టార్‌ను మేడ మీద ఎత్తుగా నిలపాలనుకునేవారు ముందు తలెత్తి కరెంటు తీగలను చూడాలి. ఇనుప పైపు వాడకూడదు. వెదురు గడ అయినా మంచుకు తడిస్తే కరెంటును పోనిస్తుంది. గడ ఏ దిక్కుకు ఒరిగినా తీగలను అందుకోనంత దూరంలో దాన్ని పాతాలి. ఆ దూరం లేకపోతే స్టార్ వసారా కప్పు కిందే ఉండనివ్వాలి. 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఇంటిని ఆనుకుని పోతుంటే మేడ మీద స్టార్ ఆలోచనే మానుకోవాలి.

వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి ఇంట్లోనే చేసుకునే స్టార్‌లో ఫిలమెంటు బల్బు పెట్టకూడదు. ఆ బల్బు వేడికి కాగితం కమిలి అంటుకోవచ్చు. 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సరిపోతుంది, అదైనా కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి. తీరప్రాంతంలో క్రిస్మస్ చెట్టుగా నిలిపే సరుగుడు కొమ్మ నాలుగైదు రోజుల్లో ఎండిపోయి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పాకకు వాడే కొత్త వరిగడ్డి, మంచులా పరిచే దూది, థర్మోకోల్ కూడా అంతే. ఇవి ఉన్న వసారాలో కొవ్వొత్తి వెలిగించకూడదు, పాక లోపల బ్యాటరీ దీపం పెట్టుకోవాలి. కొవ్వొత్తి తప్పదనుకుంటే గాజు గొట్టంలో, పాకకు దూరంగా, మెట్ల అవతల ఆరుబయట వెలిగించి, ఎవరైనా పెద్దవారు పక్కనే ఉండాలి. మోటారు సైకిలునూ గ్యాస్ సిలిండరునూ పండుగ రోజుల్లో అక్కడి నుంచి తరలించాలి. ఇసుక నింపిన బకెట్టు ఒకటి చేతికందేలా ఉంచుకోవాలి. కరెంటు ఉండగా మంట మీద నీళ్లు పోయకూడదు.

చెట్టు, పాక ఎక్కడ పెట్టినా తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, గడప నుంచి మెట్ల దాకా మూడడుగుల దారి ఖాళీగా ఉండాలి. అర్ధరాత్రి క్యారల్స్ బృందం వచ్చినప్పుడు పాతికమంది ఆ కొద్ది చోటులోనే నిలబడతారని గుర్తుంచుకుంటే, నేల మీద అడ్డంగా వైరు వేయడానికి మనసొప్పదు. వైరు తలుపు పైనుంచి పోవాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కకూడదు.

పసిపిల్లలున్న ఇంట్లో చిన్న దీపాల బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీల మూతకు స్క్రూ ఉందో లేదో చూడాలి. పిల్లవాడు బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, అనుమానం కలిగిన వెంటనే ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎవరికైనా షాక్ కొడితే వారిని చేత్తో పట్టుకుని లాగకూడదు. మెయిన్ ఆపాలి, అది దూరంగా ఉంటే ఎండిన కర్రతో తీగను తప్పించాలి. ఊపిరి ఆడకపోతే 108కు ఫోన్ చేయిస్తూ, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. కాలిన గాయాన్ని 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచాలి; టూత్‌పేస్టు, సిరా, పసుపు వంటివి పూయకూడదు. అగ్నిమాపక కేంద్రం నంబరు 101, విద్యుత్ ఫిర్యాదులకు 1912; రెండింటినీ తలుపు వెనుక రాసి అంటించుకోవాలి.

అర్ధరాత్రి ఆరాధనకు ఇంటిల్లిపాదీ బయలుదేరేటప్పుడు లైట్లన్నీ ఆపి, ప్లగ్గు తీసే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. అందరి పని అనుకుంటే ఎవరూ చేయరు. పడుకునే ముందూ అంతే. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక సంక్రాంతి దాకా లైట్లు ఉంచేవారు, జనవరి మొదటి వారంలో మరోసారి ముడులు, తీగలు పరిశీలించాలి. విప్పేటప్పుడు ముందు ప్లగ్గు తీసి, తీగను లాగకుండా ముడులు విప్పి, తడి ఆరాక అట్టముక్కకు చుట్టి, ఎలుకలు చొరని డబ్బాలో పెట్టాలి. పాడైన సెట్టును ఆ రోజే ప్లగ్గు కత్తిరించి పారవేయాలి.