మెషిన్ కంట్రోలర్‌లో ఫ్లాపీ డ్రైవ్ మార్చాక వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఎలక్ట్రానిక్ జకార్డులు (మగ్గం మీద డిజైన్ నేయించే పరికరాలు), ఫ్లాట్ నిట్టింగ్ మెషిన్లు, ఎంబ్రాయిడరీ మెషిన్లు ఇరవై ముప్పై ఏళ్లయినా తిరుగుతూనే ఉంటాయి. వాటి కంట్రోలర్‌లోని ఫ్లాపీ డ్రైవ్‌కు అంత ఆయుష్షు ఉండదు. ఫ్లాపీలూ దొరకవు; జపాన్‌లో వాటి అమ్మకాన్ని సోనీ 2011లోనే ఆపేసింది. అందుకని గోటెక్ లాంటి ఎమ్యులేటర్ (ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే పరికరం) బిగించి పెన్ డ్రైవ్‌తో పని నడిపిస్తున్నారు. బిగించడానికి నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్లు చాలు. ఆ తర్వాత మెషిన్ దాన్ని గుర్తించకపోతేనే అసలు తలనొప్పి మొదలవుతుంది.

పాత డ్రైవ్ పీకే ముందు దాని లేబుల్, జంపర్లు (పిన్లను కలిపే చిన్న క్లిప్పులు), కేబుల్ ఎర్ర చార ఏ వైపు ఉందో ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. కింద చెప్పిన సమస్యల్లో సగానికి జవాబు ఆ ఫోటోల్లోనే ఉంటుంది.

పాత డ్రైవ్ ఫ్లాపీలు చదవడం లేదు

డ్రైవ్ పోయిందని వెంటనే తేల్చేయకండి. మిల్లులో గాలి నిండా దూది నూగు, నూనె తుంపర. రెండూ కలిసి ఫ్లాపీని చదివే హెడ్ మీద పొరలా పేరుకుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పీచు రాలని గుడ్డతో హెడ్‌ను మెల్లగా తుడిచి చూడండి. పై హెడ్‌ను ఎత్తేటప్పుడు బలం పెడితే దాన్ని పట్టుకున్న సన్నటి స్ప్రింగ్ వంగిపోతుంది, ఇక ఆ డ్రైవ్ పనికిరాదు. తర్వాత, డ్రైవ్ పనిచేస్తున్నప్పుడే 5 వోల్టుల సప్లై కొలవండి. 4.75 కంటే తగ్గితే తప్పు పవర్ సప్లైది. దాన్ని బాగు చేయకపోతే కొత్త ఎమ్యులేటర్ కూడా అలాగే మొరాయిస్తుంది.

ఇంకో రకం ఉంది. ఈ మెషిన్‌లో రాసిన ఫ్లాపీలను ఈ మెషినే చదువుతుంది, వేరేచోట చదవదు. అంటే హెడ్ అలైన్‌మెంట్ (ట్రాక్ మీద హెడ్ నిలిచే చోటు) ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జరిగిపోయింది. అలాంటి డ్రైవ్‌ను అస్సలు పారేయకూడదు, ఎందుకంటే మీ పాత డిజైన్లను సరిగ్గా చదవగలిగేది అదొక్కటే. దాన్నే తీసి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ద్వారా కంప్యూటర్‌కు కలిపి, ఫ్లాపీలన్నిటినీ ఇమేజ్ ఫైళ్లుగా (ఫ్లాపీ మొత్తానికి అచ్చు నకళ్లుగా) దాచుకోండి. కంప్యూటర్లు వాడే డాస్ ఫార్మాట్ కాకుండా కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్న ఫ్లాపీలకూ ఈ దారి పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బోర్డు ఫైళ్లను కాక ట్రాక్ మీది అయస్కాంత సంకేతాలనే చదువుతుంది.

ఎమ్యులేటర్ లైటు ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆరడమే లేదు

రిబ్బన్ కేబుల్ తిరగబడింది. 34 పిన్లలో బేసి సంఖ్యవన్నీ గ్రౌండ్. కేబుల్ తిప్పి గుచ్చితే సిగ్నల్ పిన్లన్నీ గ్రౌండ్‌కు తగిలి, డ్రైవ్‌ను ఎప్పుడూ సెలెక్ట్ చేసే ఉంచినట్టు అవుతుంది. సాధారణంగా ఏదీ కాలదు. ఆఫ్ చేసి ఎర్ర చారను ఒకటో పిన్ వైపు పెట్టండి. పాత డ్రైవ్‌లో ఒకటో పిన్ ఎటుందో, ఎమ్యులేటర్‌లోనూ అటే ఉంటుందనుకోవద్దు.

పవర్ కేబుల్ విషయంలో మాత్రం ఏదీ కాలదన్న ధీమా పనికిరాదు. ఎమ్యులేటర్‌కు 5 వోల్టులే కావాలి. కంప్యూటర్‌లో ఎర్ర వైరు 5, పసుపు 12. కంట్రోల్ ప్యానెల్‌లో వైర్లు ఎవరు ఎలా మార్చారో తెలియదు కాబట్టి రంగును నమ్మకుండా మీటర్‌తో కొలిచాకే కలపండి. 34 పిన్ల రిబ్బన్ బదులు 26 పిన్ల పల్చటి ఫిల్మ్ కేబుల్ ఉంటే పవర్ కూడా దాని ద్వారానే వస్తుంది. దానికి వేరే అడాప్టర్ బోర్డు కావాలి.

లైటు అసలు వెలగదు, లేదా స్క్రీన్ మీద 'డ్రైవ్ నాట్ రెడీ' అని వస్తుంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రెండు విషయాలు విడివిడిగా చూడాలి.

మొదటిది డ్రైవ్ నంబరు. పాత ఫోటోలో జంపర్ డీఎస్0 మీదుంటే ఎమ్యులేటర్‌లో ఎస్0, డీఎస్1 మీదుంటే ఎస్1 పెట్టాలి. కొన్ని కంపెనీలు సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి లెక్కపెడతాయి. అందుకే డీఎస్1 నుంచి డీఎస్4 వరకు గుర్తులుంటే, వాళ్ల డీఎస్1 అంటే మన ఎస్0. పైగా కంప్యూటర్లలోలా కేబుల్ మధ్యలో కొన్ని వైర్లు మెలి తిరిగి ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. మెలిక ఉంటే ఎస్1తో మొదలుపెట్టండి.

రెండోది 34వ పిన్. కంప్యూటర్‌లో ఈ పిన్ 'డిస్క్ మారింది' అని చెబుతుంది. చాలా పరిశ్రమ కంట్రోలర్లు మాత్రం అదే పిన్ మీద 'రెడీ' సిగ్నల్ కోసం ఎదురుచూస్తాయి. అది రాకపోతే డ్రైవ్ తిరుగుతున్నా మెషిన్‌కు డ్రైవ్ లేనట్టే. ఎమ్యులేటర్‌లో ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రామ్) ఎక్కించి, దాని సెట్టింగ్స్ ఫైలులో ఇంటర్‌ఫేస్‌ను 'షుగార్ట్' అని పెడితే ఆ పిన్ మీద రెడీ సిగ్నల్ వస్తుంది. ఇంత వెసులుబాటు ఉన్నందుకే కంపెనీ ఫర్మ్‌వేర్ కంటే నాకిదే నచ్చుతుంది.

డ్రైవ్‌ను గుర్తిస్తుంది కానీ 'ఫార్మాట్ కాలేదు' అంటుంది

ఫ్లాపీ సాంద్రత (డిస్క్ మీద ఎంత దట్టంగా రాస్తారనేది) కుదరలేదు. పాత ఫ్లాపీని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టండి. ఒక మూల మాత్రమే చదరపు రంధ్రం ఉంటే 720 కేబీ. రెండు మూలల్లోనూ ఉంటే 1.44 ఎంబీ. రెండో రంధ్రం మీద టేపు అంటించి ఉంటే, ఎవరో 1.44 ఫ్లాపీని 720గా వాడుకున్నారు. అంటే మీ మెషిన్‌కు కావలసింది 720. 720 రకం సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో నడుస్తుంది, 1.44 రకం 500తో. అందుకే కొనేటప్పుడే ఏ రకానికి తయారైన ఎమ్యులేటరో చూసుకోవాలి.

ఇమేజ్ ఫైలు సైజు కూడా సంగతి చెప్పేస్తుంది: 7,37,280 బైట్లయితే 720, 14,74,560 అయితే 1.44. 12,61,568 వచ్చిందంటే అది జపాన్ మెషిన్లలో కనిపించే 1.2 ఎంబీ ఫార్మాట్. అందులో డిస్క్ నిమిషానికి 300 బదులు 360 చుట్లు తిరుగుతుంది. దానికి మామూలు ఎమ్యులేటర్ సెట్టింగులు సరిపోవు.

కంప్యూటర్‌లో ఎక్కించిన డిజైన్లు మెషిన్‌లో కనబడవు

కంపెనీ ఫర్మ్‌వేర్ పెన్ డ్రైవ్‌ను 00 నుంచి 99 వరకు వంద విడి ఫ్లాపీలుగా విడగొడుతుంది. విండోస్‌కు కనిపించేది మొదటిదొక్కటే. మిగతా వాటిలోకి ఎక్కించాలంటే ఎమ్యులేటర్‌తో వచ్చే ప్రోగ్రామ్ వాడాలి.

తజిమా, బరుడాన్ పాత ఎంబ్రాయిడరీ మెషిన్లలో సొంత ఫార్మాట్ ఉంటుంది. డీఎస్‌టీ (ఎంబ్రాయిడరీ డిజైన్) ఫైలును డాస్ ఫ్లాపీలో కాపీ చేస్తే అవి చదవకపోవచ్చు. ఎమ్యులేటర్‌లో ఖాళీగా ఉన్న నంబరును ముందు మెషిన్‌లోనే ఫార్మాట్ చేసి, ఆ ఫార్మాట్ తెలిసిన పంచింగ్ (డిజైన్‌ను కుట్లుగా మార్చే) సాఫ్ట్‌వేర్‌తో డిజైన్ రాయాలి.

ఇక ఖాళీ ఉన్నా 'డిస్క్ ఫుల్' అంటే పేర్లు ఎక్కువయ్యాయి. 720 ఫ్లాపీ మొదటి డైరెక్టరీలో 112 పేర్లకే చోటు, 1.44లో 224. విండోస్‌లో పెట్టిన పొడవాటి పేరు ఒక్కటే రెండు మూడు గళ్లు తినేస్తుంది. ఎనిమిది అక్షరాల్లోపు ఇంగ్లిష్ పేర్లు పెట్టండి, ఖాళీలు లేకుండా.

ఆగి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, మెషిన్ తిరిగితే ఎర్రర్

రిబ్బన్ కేబుల్ ఇన్వర్టర్ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) లేదా మోటార్ వైర్ల పక్కనుంచి పోతోందేమో చూడండి. దాన్ని వేరు చేసి, వీలైనంత పొట్టిగా వాడండి. ఎమ్యులేటర్ ప్లాస్టిక్ పెట్టెలోది అయితే దాన్ని పట్టుకున్న లోహపు పట్టీని ఎర్త్‌కు కలపండి. నూలు రాపిడికి పుట్టే స్టాటిక్ ఆపరేటర్ వేలి ద్వారా పెన్ డ్రైవ్‌లోకి దిగుతుంది. బయటికి పొడుచుకొచ్చే పొడుగు పెన్ డ్రైవ్ బదులు గోరంత పొట్టిది పెడితే అదురుకు కదలదు, చెయ్యి తగిలి విరగదు.

ఫ్లాపీ కాదు, హార్డ్ డిస్కే మొరాయిస్తోంది

బూట్ కాకపోతే ముందు మదర్‌బోర్డు బ్యాటరీ చూడండి. అది అయిపోతే డిస్క్ సెట్టింగులు చెరిగిపోతాయి, డిస్క్ బాగున్నా దొరకదు. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు డిస్క్ లేబుల్ మీదే ఉంటాయి, బయోస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌లో) మళ్లీ ఎక్కించండి. డిస్కే గరగరమంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా తీసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తి కాపీ తీయండి. తర్వాత దాన్ని ఇండస్ట్రియల్ కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు మీదికి ఎక్కించి, ఐడీఈ (పాత హార్డ్ డిస్క్ కనెక్షన్) అడాప్టర్‌తో బిగించండి. కెమెరాలకు అమ్మే మామూలు కార్డులు చాలావరకు తమను తీసి పెట్టే డిస్క్‌గా చెప్పుకుంటాయి, కొన్ని కంట్రోలర్లు వాటి నుంచి బూట్ కావు. పాత బయోస్‌లు 528 ఎంబీ దాటి చూడలేవు కాబట్టి కార్డు పెద్దదైనా కొత్తగా పార్టిషన్ చేయకుండా, పాత డిస్క్ అంకెలనే బయోస్‌లో ఉంచండి. మెషిన్ ఒకసారి పూర్తిగా బూటయ్యి, పాత డిజైన్ తెరుచుకుని, కొత్త డిజైన్ సేవ్ అయ్యేదాకా ఆ పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి.